శోకమే శ్లోకమై

అది 1903వ సంవత్సరం. వేసవికాలం. హిమాలయ పర్వతాల ఒడిలో అల్మోరా అనే ఊరు. అక్కడి ఒక ఇంట్లో పన్నెండేళ్ల అమ్మాయి మంచం పట్టి ఉంది. ఆమెకు క్షయవ్యాధి. ఆ రోజుల్లో ఆ జబ్బును నయం చేసే మందు లేదు. కొండగాలి తగిలితే కొంత మేలు కలుగుతుందేమోనన్న ఆశతో తండ్రి ఆమెను కలకత్తా నుంచి అంత దూరం తీసుకువచ్చాడు. అప్పటికి ఆ అమ్మాయి తల్లి కన్నుమూసి ఏడాది కూడా కాలేదు.

ఆ తండ్రి కూతురి దగ్గర ఉండి సేవ చేసేవాడు. తీరిక దొరికినప్పుడల్లా కాగితం, కలం తీసుకుని కవితలు రాసేవాడు. రాసినదాన్ని రాసినట్టే కలకత్తాలోని మిత్రుడికి పంపేవాడు. ఆ మిత్రుడు మోహిత్‌చంద్ర సేన్ అప్పుడు ఆయన కవితలన్నిటినీ సంపుటాలుగా అచ్చు వేయిస్తున్నాడు.

ఆ కవితలు చదివినవారికి అవి ఎలాంటి పరిస్థితిలో పుట్టాయో ఊహకు కూడా అందదు. వాటిలో జబ్బు లేదు, కన్నీళ్లు లేవు. ఒక పసివాడు ఎర్రగుర్రం ఎక్కి తల్లి పల్లకీ పక్కన వెళుతూ ఉంటాడు. చీకటి పడేవేళ దొంగలు మీద పడతారు. పల్లకీ బోయీలు భయపడి పొదల్లో దాక్కుంటారు. పసివాడు ఒక్కడే కత్తి దూసి దొంగలను తరిమి తల్లిని కాపాడతాడు. ఇంకొక కవితలో పసివాడు సంపెంగ పువ్వుగా మారి చెట్టుమీద కూర్చుంటాడు. తల్లి తనను వెతుకుతూ ఉంటే చూసి నవ్వుకుంటాడు. ఇలా ఆ కవితలనిండా ఆటలే, అల్లరే. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆ కవితల్లో తల్లి బతికే ఉంది. ఇంట్లో లేని తల్లి కవితలో మాత్రం ప్రతి పుటలోనూ బిడ్డ పక్కనే ఉంది.

ఆ కవితల సంపుటి పేరు ‘శిశు’. ఆ తండ్రి పేరు రవీంద్రనాథ్ ఠాగూర్.

రవీంద్రుడు విశ్వకవి అనీ, మన జాతీయగీతం రాసినవాడనీ మనకు తెలుసు. నోబెల్ బహుమతి పొందిన తొలి ఆసియావాసి అనీ తెలుసు. తెల్లని గడ్డంతో, పొడవైన అంగీతో ఉన్న ఆయన చిత్రం బడి గోడల మీద చూస్తూనే ఉంటాం. కాని ఆ ప్రశాంతమైన ముఖం వెనుక ఎన్ని మరణాలు ఉన్నాయో చాలామందికి తెలియదు. ఆయన జీవితం పొడవునా మృత్యువు తలుపు తడుతూనే ఉంది. తట్టిన ప్రతిసారీ ఆయన చేతిలో కలం ఉంది.

రవీంద్రుడు 1861 మే 7న కలకత్తాలోని జొరాసాంకో భవనంలో జన్మించాడు. తండ్రి మహర్షి దేవేంద్రనాథ్, తల్లి శారదాదేవి. ఆ ఇంటి పిల్లల్లో రవీంద్రుడు అందరికన్నా చిన్నవాడు. అది అన్నలు, వదినెలు, అక్కలు, బావలు, నౌకర్లతో నిండిన పెద్ద ఇల్లు. తల్లికి ఆరోగ్యం సరిగా ఉండేది కాదు. అందువల్ల పిల్లవాడు ఎక్కువగా నౌకర్ల చేతుల్లోనే పెరిగాడు. తల్లి దగ్గర కూర్చునే అదృష్టం అతడికి ఎప్పుడో గాని దక్కేది కాదు.

1875లో శారదాదేవి మరణించింది. అప్పటికి రవీంద్రుడికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె చనిపోయింది రాత్రివేళ. పిల్లలు నిద్రలో ఉన్నారు. తెల్లవారి లేచి బయటికి వస్తే ముంగిట్లో మంచం మీద తల్లి పడుకుని ఉంది. ఉదయపు ఎండలో ఆమె ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. మరణం భయంకరమైనదని అతడికి అప్పుడు అనిపించలేదు. శ్మశానం నుంచి ఇంటికి తిరిగి వస్తున్నప్పుడు మాత్రం ఒక్కసారిగా తెలిసింది. ఆ తల్లి ఇక ఎన్నడూ ఆ గుమ్మం దాటి లోపలికి రాదు. ఇంట్లో తన చోట ఇక కూర్చోదు. ఆ క్షణంలో గుండెలో లేచిన తుఫానును ఆయన పెద్దయిన తరువాత తన జీవిత స్మృతులలో రాశాడు.

తల్లి లేని ఆ పిల్లవాణ్ణి చేరదీసింది వదినె కాదంబరీదేవి. ఆమె అన్న జ్యోతిరింద్రనాథ్ భార్య. రవీంద్రుడికన్నా రెండేళ్లే పెద్ద. తొమ్మిదేళ్ల వయసులో కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టింది. ఆమె అతడికి అన్నం పెట్టింది, ఆటల్లో జత అయింది. అతడు రాసిన పద్యాలు మొట్టమొదట విన్నదీ ఆమే. బాగా లేనివి బాగా లేవని చెప్పేది. ఆమె మెప్పు పొందాలని అతడు మళ్లీ మళ్లీ రాసేవాడు. కవిగా రవీంద్రుడి తొలి పాఠశాల ఆమె సాన్నిధ్యమే.

1883 డిసెంబరులో రవీంద్రుడికి మృణాళినీదేవితో వివాహం జరిగింది. నాలుగు నెలలు గడిచాయో లేదో, 1884 ఏప్రిల్‌లో కాదంబరీదేవి హఠాత్తుగా మరణించింది. అప్పటికి రవీంద్రుడు ఇరవైమూడేళ్లు నిండబోతున్న యువకుడు. తల్లి పోయినప్పుడు పసితనం అతణ్ణి కాపాడింది. ఈసారి ఆ కవచం లేదు. నిన్నటిదాకా కళ్ల ఎదుట నిజంగా ఉన్న మనిషి ఈరోజు కలలా ఎలా మాయమైందో ఆయనకు అంతుపట్టలేదు. చెట్లు, సూర్యుడు, చంద్రుడు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. తనకు వాటన్నిటికన్నా దగ్గరైన ఒక్క మనిషే లేదు.

కొంతకాలం ఆయనకు లోకం మీద ధ్యాస లేకపోయింది. ధోవతి మీద ఒక ముతక దుప్పటి కప్పుకుని, చెప్పులు వేసుకుని అలాగే కలకత్తా పుస్తకాల దుకాణాలకు వెళ్లేవాడు. వానలోనూ చలిలోనూ మేడమీది వసారాలోనే పడుకునేవాడు. నక్షత్రాలను చూస్తూ రాత్రులు గడిపేవాడు. ఆ రోజుల్లోనే మళ్లీ కలం పట్టాడు. వదినె స్మృతిలో వచనం రాశాడు, పాటలు కట్టాడు. ఆమె పోయిన తరువాత కూడా కొన్ని పుస్తకాలను ఆమెకే అంకితం చేశాడు. వినే మనిషి లేకపోయినా ఆమెకు వినిపించడం ఆయన మానలేదు. వృద్ధాప్యంలో బొమ్మలు గీయడం మొదలుపెట్టిన తరువాత కూడా ఆ వదినె ఆయన స్మృతి నుంచి చెదిరిపోలేదు.

వాల్మీకి కథ మనకు తెలిసిందే. బోయవాడి బాణం తగిలి క్రౌంచపక్షుల జంటలో ఒకటి నేలకూలింది. జతను కోల్పోయిన పక్షి ఏడుపు విని మహర్షి గుండె కరిగింది. ఆ శోకం శ్లోకమై వెలువడింది. ఆ విధంగా ఆదికావ్యం పుట్టిందని మన పెద్దలు చెబుతారు. వాల్మీకి విన్నది పక్షి ఏడుపు. రవీంద్రుడు మాత్రం తన ఇంట్లోని ఏడుపునే విన్నాడు. అది ఒక్కసారి కాదు, పదేపదే.

రవీంద్రుడికి, మృణాళినీదేవికి ఐదుగురు పిల్లలు కలిగారు. పెద్దమ్మాయి మాధురీలతను ఇంట్లో బేలా అని పిలిచేవారు. ఆమె తరువాత రథీంద్రనాథ్, రేణుక, మీరా పుట్టారు. అందరిలో చిన్నవాడు శమీంద్రనాథ్. అతణ్ణి అందరూ ముద్దుగా శమీ అనేవారు. పద్మానది ఒడ్డున షిలైదహాలో ఠాగూర్ల జమీందారీ కచేరీ ఉండేది. అక్కడ పిల్లలతో కలిసి ఉన్న రోజులు ఆ కుటుంబానికి సుఖమైన రోజులు.

1901లో రవీంద్రుడు కుటుంబాన్ని శాంతినికేతనానికి తరలించాడు. ఆ సంవత్సరం డిసెంబరు 22న అక్కడ ఐదుగురు విద్యార్థులతో పాఠశాల ప్రారంభించాడు. చెట్ల నీడలో, ఆరుబయట పాఠాలు చెప్పే బడి అది. పిల్లల దగ్గర జీతం తీసుకోకూడదన్నది ఆయన నియమం. డబ్బు చాలలేదు. పూరీలో సముద్రం ఒడ్డున ఉన్న తన ఇల్లు అమ్మేశాడు. మృణాళినీదేవి తన నగలు తీసి ఇచ్చింది. బడి పిల్లలకు తానే వండిపెట్టేది.

ఏడాది తిరగకముందే ఆమె జబ్బుపడింది. వైద్యం కోసం కలకత్తా తీసుకువెళ్లారు. దాదాపు రెండు నెలలు రవీంద్రుడు నర్సుల చేతుల్లో పెట్టకుండా స్వయంగా ఆమెకు సేవ చేశాడు. అప్పట్లో ఆ ఇంట్లో కరెంటు పంకాలు లేవు. రాత్రీ పగలూ విసనకర్రతో విసురుతూ ఆమె పక్కన కూర్చునేవాడు. అయినా ఫలితం లేకపోయింది. 1902 నవంబరు 23న ఆమె కన్నుమూసింది. ఆమెకు ముప్ఫయ్ ఏళ్లు కూడా నిండలేదు.

ఆ రాత్రి రవీంద్రుడు ఒంటరిగా మేడమీదికి వెళ్లాడు. ఎవరూ రావద్దని చెప్పాడు. తెల్లవార్లూ అక్కడే గడిపాడు. ఆ తరువాత ఆమె చెప్పులజతను కొడుకు రథీంద్రుడికి ఇచ్చి భద్రపరచమన్నాడు. పదిమంది ఎదుట ఏడవలేదు. బడి పని ఆపలేదు.

అయితే రాత్రిపూట రాసుకున్న కవితల్లో ఆ దుఃఖమంతా ఉంది. అవి ఇరవైఏడు చిన్న కవితలు. వాటి సంపుటి పేరు ‘స్మరణ్’, అంటే స్మరణ. భార్య పోయిన తరువాత ఆమె దాచుకున్న కొన్ని పాత ఉత్తరాలు ఆయనకు దొరికాయి. అవి ఆయన రాసినవే. వాటిని ఎంత ప్రేమగా దాచుకుందో ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆ సంగతి మీద ఒక కవిత ఉంది. ఆ ఉత్తరాలను ఆమె ప్రేమతో కాపాడింది, ఇప్పుడు ఆమెను కాపాడే ప్రేమ ఎక్కడైనా ఉందా అన్నదే ఆ కవితలోని వేదన. ఇంట్లో ప్రతి మూలా ఆమె లేనితనం కనిపిస్తోంది. ఆ లేనితనాన్నే ఆయన ఒక్కొక్క కవితగా పోగుచేశాడు.

అంతలోనే రెండో కూతురు రేణుక మంచం పట్టింది. అల్మోరా ప్రయాణం అప్పటిదే. కొండగాలి ఆమెను కాపాడలేదు. కలకత్తా తిరిగివచ్చిన కొద్దిరోజులకే, 1903 సెప్టెంబరులో ఆమె మరణించింది. ఆమె మంచం పక్కన పుట్టిన ‘శిశు’ మాత్రం మిగిలింది. ఆ సంపుటిలోని ఒక కవితలో బిడ్డ తల్లి దగ్గర సెలవు తీసుకుంటాడు. తాను గాలిగా వచ్చి తాకుతాననీ, వెన్నెలగా వచ్చి పక్కన చేరతాననీ ఆమెను ఓదారుస్తాడు. ఆ మాటలు బిడ్డ తల్లితో అంటున్నట్టు ఉన్నా, వాటి అవసరం ఆ తండ్రికే ఎక్కువగా ఉండి ఉంటుంది.

1905 జనవరిలో తండ్రి దేవేంద్రనాథ్ కాలం చేశాడు. అదే సంవత్సరం బ్రిటిషు ప్రభుత్వం బెంగాలును రెండుగా చీల్చింది. రవీంద్రుడు వీధుల్లోకి వచ్చి పాటలు పాడాడు, హిందువుల చేతులకూ ముస్లింల చేతులకూ రాఖీలు కట్టించాడు. ఆ రోజుల్లో ఆయన రాసిన పాటల్లో ఒకటి తరువాతి కాలంలో బంగ్లాదేశ్ జాతీయగీతం అయింది. సొంత దుఃఖాన్ని పక్కన పెట్టి ప్రజల దుఃఖాన్ని తలకెత్తుకోవడం ఆయన అప్పుడే నేర్చుకున్నాడు.

ఇంటిలో ఆయనకు మిగిలిన ఆనందం చిన్నకొడుకు శమీ. ఆ పిల్లవాడికి తండ్రి పోలికలు ఎక్కువ. పాటలంటే ప్రాణం, కవితలు కంఠస్థం చేసేవాడు. 1907లో శ్రీపంచమినాడు శాంతినికేతనంలో తోటి పిల్లలతో కలిసి ఋతువుల పండుగ జరిపించాడు. ఇప్పటికీ శాంతినికేతనంలో ప్రసిద్ధమైన వసంతోత్సవానికి అదే నాంది అంటారు.

ఆ సంవత్సరం సెలవుల్లో శమీ తన స్నేహితుడితో బీహారులోని ముంగేరుకు వెళ్లాడు. అక్కడ అతడికి కలరా సోకింది. కబురు అందగానే తండ్రి పరుగున వెళ్లాడు. నవంబరు నెలలో, పదకొండేళ్లు నిండకుండానే, శమీ చనిపోయాడు. బెంగాలీ పంచాంగం ప్రకారం ఆ రోజు అగ్రహాయణ మాసం ఏడో తేదీ. ఐదేళ్ల కిందట అతడి తల్లి పోయింది కూడా సరిగ్గా అదే తేదీన.

కొడుకును సాగనంపి రవీంద్రుడు రైలులో తిరుగు ప్రయాణమయ్యాడు. కిటికీలోంచి చూస్తే ఆకాశం నిండా వెన్నెల కాస్తోంది. ఎక్కడా ఏదీ తక్కువ కాలేదు. తన కొడుకు లేకపోయినా లోకం నిండుగానే ఉంది. మొదట అది క్రూరంగా తోచవచ్చు. ఆయన మాత్రం అందులోనే ధైర్యం వెతుక్కున్నాడు. అంతా ఆ నిండుతనంలోనే ఉంది, తానూ అందులోనే ఉన్నాడు, కాబట్టి తన పని తాను చేయాలి. ఆ రాత్రి తన మనసులో మెదిలిన ఈ సంగతిని ఆయన ఎవరికీ చెప్పలేదు. పాతికేళ్ల తరువాత ఒక ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరం ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు తెలుసుకుంటాం.

అప్పట్లో ‘ప్రవాసీ’ పత్రికలో ఆయన నవల ‘గోరా’ ధారావాహికగా వస్తోంది. కొడుకు పోయిన దుఃఖంలోనూ ఆయన ఆ రచన ఆపలేదు. 1910లో ‘గోరా’ పూర్తయింది. అదే సంవత్సరం బెంగాలీలో ‘గీతాంజలి’ వెలువడింది. అందులో నూటయాభైఏడు గీతాలు ఉన్నాయి. వాటిలో భార్య పేరు లేదు, రేణుక పేరు లేదు, శమీ పేరు లేదు. పోయినవారి కోసం ఏడ్చిన గొంతు ఇప్పుడు భగవంతుణ్ణి పిలుస్తోంది. మృత్యువు కూడా అందులో శత్రువు కాదు, ఇంటికి వచ్చే అతిథి. ‘స్మరణ్’ ఒక భర్త దుఃఖం. ‘శిశు’ ఒక తండ్రి దుఃఖం. ‘గీతాంజలి’కి వచ్చేసరికి అది ఎవరైనా తమదిగా పాడుకోగల పాట అయింది.

1912లో ఇంగ్లండు ప్రయాణానికి సిద్ధమవుతుండగా రవీంద్రుడు జబ్బుపడ్డాడు. విశ్రాంతి కోసం షిలైదహాకు వెళ్లాడు. ఊరికే కూర్చోలేక, తన గీతాలు కొన్నిటిని ఇంగ్లీషు వచనంలోకి మార్చడం మొదలుపెట్టాడు. ఓడలోనూ ఆ పని సాగించాడు. లండనులో భూగర్భ రైలులో ప్రయాణిస్తూ రథీంద్రుడు ఆ రాతప్రతి ఉన్న సంచిని మరచిపోయాడు. అదృష్టవశాత్తు పోయిన వస్తువులు దాచే కార్యాలయంలో అది మరునాడు దొరికింది. ఆ పుస్తకమే ఇంగ్లీషు ‘గీతాంజలి’. 1913లో దానికి నోబెల్ సాహిత్య బహుమతి వచ్చింది. ప్రపంచమంతా ఆ కవిని పొగిడింది.

పొగడ్తలు మృత్యువును ఆపలేవు. పెద్దకూతురు బేలాకు కూడా క్షయ సోకింది. రవీంద్రుడు రోజూ మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లి మంచం పక్కన కూర్చునేవాడు. చిన్నప్పటిలాగే ఆమె కథ చెప్పమని అడిగేది. ఆయన చెప్పేవాడు. 1918 మే 16న ఎప్పటిలాగే వెళ్లాడు. అప్పటికే ఆమె పోయిందని తెలిసింది. మేడమీదికి ఎక్కకుండానే వెనుదిరిగాడు. ఆ సాయంత్రం తనను చూడవచ్చినవారితో ఎప్పటిలాగే మాట్లాడాడు. ఆ సంవత్సరమే ‘పలాతకా’ అనే కవితల సంపుటి వచ్చింది. అందులోనివి చాలావరకు కథల్లాంటి కవితలు. వాటిలో ఇళ్లలో మగ్గిపోయిన స్త్రీల బాధలు ఉన్నాయి, చేజారిపోయిన మనుషుల తలపులు ఉన్నాయి. అదే సంవత్సరం డిసెంబరులో విశ్వభారతికి శంకుస్థాపన చేశాడు.

బేలా పోయి ఏడాది కూడా నిండకముందే, 1919 ఫిబ్రవరిలో, దక్షిణదేశ యాత్రలో భాగంగా రవీంద్రుడు అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెకు వచ్చాడు. అక్కడి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో విశ్రాంతి తీసుకున్నాడు. విద్యార్థుల ఎదుట ‘జనగణమన’ పాడి వినిపించాడు. మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలను రాసుకుంది. ఆ గీతానికి ఇంగ్లీషు అనువాదాన్ని ఆయన అక్కడే తన చేతితో రాసి ఇచ్చాడు. పిల్లలతో కలిసి పాడిన ఆ మనిషి గుండెలో ఎంత పెద్ద గాయం ఉందో ఆనాటి విద్యార్థుల్లో ఎందరికి తెలుసు!

డెబ్భై ఏళ్లు దాటాక కూడా మృత్యువు ఆయన్ను వదలలేదు. కూతురు మీరాకు ఒక్కగానొక్క కొడుకు నితీంద్రనాథ్. అచ్చుపని నేర్చుకోవడానికి జర్మనీ వెళ్లిన ఆ యువకుడు 1932 ఆగస్టు 7న క్షయతో అక్కడే మరణించాడు. అతడికి ఇరవై ఏళ్లు. ఆ సమయంలో శాంతినికేతనంలో వర్షాకాలపు పండుగకు పిల్లలు సిద్ధమవుతున్నారు. పండుగ ఆపుదామని కొందరు అన్నారు. రవీంద్రుడు ఒప్పుకోలేదు. తన ఇంటి దుఃఖం కోసం బడి పిల్లల పండుగ ఆగకూడదన్నది ఆయన అభిప్రాయం.

కొడుకును పోగొట్టుకున్న కూతురికి ఆయన అప్పుడు ఒక ఉత్తరం రాశాడు. శమీ పోయిన రాత్రి రైలులో తాను చూసిన వెన్నెల సంగతి చెప్పింది ఆ ఉత్తరంలోనే. పాతికేళ్లు తన గుండెలో దాచుకున్న మాటను, అది మరొకరికి అవసరమైన రోజున బయటికి తీశాడు. తండ్రిగా తాను దాటిన చీకటిని తల్లిగా ఆమె దాటడానికి అది చిన్న దీపమవుతుందని ఆయన ఆశ. ఆ నెలలోనే రాసిన ఒక కవితలో, తన ఒక్కడి గాయాన్ని అందరి ముందూ పరచవద్దని తన కలాన్నే మందలించాడు. ఆ కవిత ఉన్న ‘పునశ్చ’ సంపుటిని మనవడికే అంకితం ఇచ్చాడు.

1941 జులైలో రవీంద్రుడి ఆరోగ్యం క్షీణించింది. శాంతినికేతనం నుంచి ఆయన్ను కలకత్తాకు, తాను పుట్టిన జొరాసాంకో ఇంటికే తీసుకువచ్చారు. జులై 30న శస్త్రచికిత్స. అప్పటికి ఆయన చేతిలో కలం పట్టే శక్తి లేదు. ఆ ఉదయం ఒక కవిత నోటితో చెప్పి రాయించాడు. అదే ఆయన చివరి కవిత. దాన్ని సరిదిద్దుకునే వ్యవధి కూడా దొరకలేదు. ఆగస్టు 7న ఆయన తుదిశ్వాస విడిచాడు. తొమ్మిదేళ్ల కిందట మనవడు పోయింది కూడా ఆ తేదీనే. ఐదుగురు పిల్లల్లో ఆయన వెనుక మిగిలింది రథీంద్రనాథ్, మీరా మాత్రమే.

రవీంద్రుడు రెండువేలకు పైగా పాటలు రాశాడు. కవితలు, కథలు, నవలలు, నాటకాలు లెక్కకు మిక్కిలిగా రాశాడు. ఆయన రచనలు తెలుగులోకి కూడా వచ్చాయి. చలం ‘గీతాంజలి’ని తెలుగు చేశాడు. శాంతినికేతనంలో చదువుకున్న బెజవాడ గోపాలరెడ్డి ఆయన గ్రంథాలను అనువదించాడు. ఆ పాటలన్నీ దుఃఖం వల్లనే పుట్టాయని అనడం సరికాదు. వాటిలో వానలూ ఉన్నాయి, పూలూ ఉన్నాయి, నవ్వులూ ఉన్నాయి. అయితే దుఃఖం వచ్చిన ప్రతిసారీ ఆయన నోరు మూగపోలేదన్నది నిజం.

రాసినంత మాత్రాన పోయినవారు తిరిగి రారు. ఆ సంగతి రవీంద్రుడికి మనకన్నా బాగా తెలుసు. ‘శిశు’ రాశాడని రేణుక బతకలేదు, ‘స్మరణ్’ రాశాడని మృణాళిని మళ్లీ గుమ్మంలో నిలబడలేదు. కాని మోయలేని బరువును దించుకోవడానికి ఆయనకు ఒక చోటు దొరికింది. ఆ బరువు కాగితం మీదికి దిగిన తరువాత మర్నాడు లేచి బడికి వెళ్లగలిగాడు. ఊరి పిల్లలతో ఆడగలిగాడు, దేశం కోసం గొంతెత్తగలిగాడు.

అల్మోరా కొండల మీద ఆ వేసవి గడిచి నూరేళ్లు దాటింది. బెంగాలు బడుల్లో పిల్లలు ఆ కవితను ఇప్పటికీ కంఠస్థం చేస్తారు. ఎర్రగుర్రం మీద పసివాడు నేటికీ తల్లి పల్లకీ పక్కన వెళుతూనే ఉన్నాడు. దొంగలను తరిమి ఆమెను క్షేమంగా ఇంటికి చేరుస్తూనే ఉన్నాడు.